సూది ఒకటే... ఒకదానికి మందు, ఇంకొకదానికి ముప్పు

చక్కెర జబ్బున్న పిల్లికి స్టెరాయిడు ఇవ్వవలసి వస్తే ఏం చేయాలి? పాడి పశువులు, జీవాలు ఉన్నవాళ్లకూ పనికివచ్చే పాఠం

శెనక్కాయ విత్తనం ఇంట్లో దాచుకున్న రైతుకు పిల్లి విలువ వేరే చెప్పనక్కరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడు అనుకునే నేల మనది. పదును వాన ఎప్పుడొస్తుందో తెలియదు. అందాకా విత్తనం కాయల మూటలు మిద్దెలోనే ఉండాలి. ఒక్క రాత్రి ఎలుకలు సంచులు కొరికితే బజారులో మళ్లీ విత్తనం కొనాల్సిందే. అందుకే మన పల్లెల్లో పిల్లిని ముద్దు కోసం కాదు, కాపలా కోసం పెంచుతారు.

యాడికి మండలంలో ఒక పెద్దమ్మ ఇంట్లో అటువంటి కాపలా పిల్లి ఉంది. మగపిల్లి, తొమ్మిదేళ్లది. బాగా తిని బలిసింది. రెండేళ్ల కిందట దానికి దగ్గు, ఆయాసం మొదలయ్యాయి. మెడ ముందుకు చాపి, నేలకు వంగి, ఈల వేసినట్టు ఊపిరి తీసేది. ఊళ్లోకి సంచి తగిలించుకుని వచ్చే ఒకాయన చూసి ఒక సూది వేశాడు. మర్నాటికి పిల్లి లేచి తిరిగింది. నెలన్నర తర్వాత మళ్లీ ఆయాసం. మళ్లీ సూది. ఇట్లా ఏడాదిలో ఆరేడు సూదులు పడ్డాయి. అది ఏం మందో పెద్దమ్మ అడగలేదు, ఆయన చెప్పలేదు.

చీమలు చెప్పిన జబ్బు

నేను వేరే పని మీద ఆ ఊరు పోయినప్పుడు పెద్దమ్మ పిలిచి చూపించింది. "నాయనా, ఇది గొడ్లు తాగే తొట్టికాడే ఉంటాది పొద్దస్తమానం. తాగుతానే ఉంది, పోస్తానే ఉంది. తిండి చూస్తే ముందుకంటే రెండింతలు. ఒళ్లు చూస్తే ఎండిపాయ. అది పోసిన చోటంతా చీమలు!" అంది.

చీమలు అనగానే సగం జబ్బు తెలిసినట్టే. మూత్రంలోకి చక్కెర దిగితే చీమలు పడతాయని మన పెద్దవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మధుమేహం అనే పేరు కూడా దాన్ని బట్టి వచ్చిందే.

"పిల్లికి కూడా షుగరొస్తాదా?" అని పెద్దమ్మ ఆశ్చర్యపోయింది. వస్తుంది. మనిషికి నడివయసు దాటాక వచ్చే చక్కెర జబ్బు లాంటిదే పిల్లికీ వస్తుంది. బలిసిన పిల్లులకు, వయసు మళ్లిన వాటికి, అందులోనూ మగవాటికి ఎక్కువ. దప్పిక, అతిమూత్రం, తిన్నా చిక్కిపోవడం దీని గుర్తులు. ముదిరితే వెనుక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. నాలుగు కిలోల పిల్లి మామూలుగా రోజుకు పావు లీటరు లోపే నీళ్లు తాగుతుంది. అర లీటరు దాకా తాగుతున్నదంటే పరీక్ష చేయించవలసిందే.

ఒక జాగ్రత్త. పిల్లి బెదురు జంతువు. సంచిలో వేసి బస్సెక్కించి ఆసుపత్రికి తెస్తే ఆ భయానికే రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. కాబట్టి ఒక్కసారి రక్తపరీక్ష చూసి తేల్చకూడదు. మూత్రంలో కూడా చక్కెర ఉందా, గుర్తులు ఉన్నాయా అని డాక్టర్లు కలిపి చూస్తారు.

ఈ పిల్లికి అన్నీ ఉన్నాయి. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "దీనికి ఇంతకుముందు ఏం సూదులు వేశారు?"

స్టెరాయిడు అంటే ఏమిటి?

మూత్రపిండాల పైన చిన్న గ్రంథులు ఉంటాయి. వీటినే అడ్రినల్ గ్రంథులు అంటారు. ఇవి రోజూ కొద్దికొద్దిగా ఒక రసాన్ని రక్తంలోకి వదులుతాయి. వాపు అణచడం, కష్టకాలంలో ఒంటికి శక్తి అందించడం దాని పని. ఆ రసం వంటిదాన్నే మందుగా తయారుచేస్తే అది స్టెరాయిడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక రోగికి కార్టిసోన్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. ఈ పరిశోధనకు 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది.

అంత గొప్ప మందే. వాపు, ఆయాసం, దురద, అలర్జీ, ఇటువంటివాటిని గంటల్లో దించుతుంది. సంచి పట్టుకుని తిరిగేవాళ్లకు ఇదంటే మక్కువ అందుకే. జబ్బు ఏదైనా సరే, సూది పడిన మర్నాడు పశువు కాస్త హుషారుగా కనిపిస్తుంది. అయితే చాలా జబ్బుల్లో స్టెరాయిడు జబ్బును కుదర్చదు, గుర్తులను అణచిపెడుతుంది. నిప్పు మీద బూడిద కప్పినట్టు.

చక్కెర ఎందుకు పెరుగుతుంది?

స్టెరాయిడు ఒంట్లోకి పోగానే కాలేయానికి "చక్కెర తయారు చెయ్యి" అని ఆజ్ఞ ఇస్తుంది. కండలోని మాంసకృత్తులను కరిగించి మరీ కాలేయం చక్కెర చేస్తుంది. రెండో పక్క, ఇన్సులిన్ మాటను ఒళ్లు సరిగా విననివ్వదు. రక్తంలోని చక్కెరను కండలోకి పంపించే తాళంచెవి ఇన్సులిన్. తాళం తుప్పు పట్టినట్టు అవుతుంది. రాబడి పెరిగి, పోబడి తగ్గితే రక్తంలో చక్కెర నిలిచిపోతుంది.

వయసులో ఉన్న, బలవని పిల్లి ఒకటి రెండు సూదులకు తట్టుకుంటుంది. బలిసిన నడివయసు పిల్లికి నెలల తరబడి వేస్తే లేని చక్కెర జబ్బు వచ్చి కూర్చుంటుంది. అందులోనూ వారాల తరబడి ఒంట్లో నిలిచే రకం సూదులు ఉన్నాయి. మాత్ర అయితే రేపటి నుంచి తగ్గించవచ్చు. ఒంట్లోకి దిగిన సూదిని వెనక్కి లాగలేం.

2021 నేర్పిన పాఠం

ఈ సంగతి మనుషుల విషయంలో మనం కళ్లారా చూసిందే. 2020 జూన్‌లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఒక మాట చెప్పారు. ప్రాణవాయువు పెట్టవలసిన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ఇస్తే చావులు తగ్గుతున్నాయి. ప్రాణవాయువు అక్కరలేని రోగులకు ఇస్తే మేలు ఏమీ కనబడలేదు. మందు ఒకటే, రోగి పరిస్థితిని బట్టి ఫలితం వేరు.

మరుసటి ఏడు 2021లో రెండో అలలో ఏం జరిగిందో గుర్తుందా? నల్ల ఫంగస్ వచ్చి మన రాష్ట్రంలోనూ ఎందరో కన్ను, దవడ పోగొట్టుకున్నారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఆ జబ్బు ఎక్కువగా పట్టింది ఎవరిని? చక్కెర అదుపులో లేనివాళ్లను, స్టెరాయిడు వాడినవాళ్లను. ఆ కేసులన్నీ తప్పకుండా తెలియజేయాలని 2021 మే నెలలో కేంద్రం రాష్ట్రాలను కోరింది. చక్కెర, స్టెరాయిడు, ఇంకో జబ్బు, ఈ మూడూ ఒకచోట చేరితే ఎంత జాగ్రత్త కావాలో మనుషుల దగ్గరే తెలిసిపోయింది. నోరు లేని జీవానికి మరీ జాగ్రత్త కావాలి.

రెండు జబ్బులూ ఉంటే ఏం చేయాలి?

ఆ సూదులు ఆపించి, పిల్లికి రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు నెలల్లో నీళ్లు తాగడం తగ్గింది, ఒళ్లు పట్టింది. అంతలో కాయలు ఒలిచే కాలం వచ్చింది. వాకిట్లో శెనక్కాయ కట్టె దుమ్ము, వంటింట్లో పొగ. ఆయాసం తిరగబెట్టింది. స్టెరాయిడు ఇస్తే చక్కెర పెరుగుతుంది. ఇవ్వకపోతే ఊపిరాడక చస్తుంది. ఇదీ చిక్కు.

ఇటువంటప్పుడు స్టెరాయిడు అసలు ముట్టకూడదు అనుకోవడం తప్పు. ఊపిరి ముందు, చక్కెర తర్వాత. కానీ ఒక వరస ప్రకారం పోవాలి.

మొదటిది, స్టెరాయిడు లేకుండా గడుస్తుందేమో చూడాలి. ఆయాసమైతే దుమ్ము, పొగ, అగరొత్తుల నుంచి పిల్లిని తప్పించాలి. దురద అయితే ముందు గోమార్లు, పేలు ఉన్నాయేమో చూసి వాటికి మందు వేయాలి. విడవకుండా విరేచనాలు అవుతుంటే తిండి మార్చి చూడాలి. జబ్బుకు మూలం తీస్తే సగం కేసుల్లో సూది బాధ తప్పుతుంది.

రెండోది, తప్పనిసరి అయితే రోగం ఉన్నచోటికే మందు చేరే దారి వెతకాలి. పిల్లలకు ఆయాసం వస్తే డాక్టర్లు పీల్చే మందు రాస్తారు కదా, ఒక గొట్టం, దానికి ముఖానికి పెట్టే తొడుగు. పిల్లికీ అదే పద్ధతి ఉంది. ఫ్లూటికసోన్ అనే మందును అలా పీల్పిస్తే ఊపిరితిత్తుల్లోనే ఎక్కువగా పనిచేస్తుంది. రక్తంలోకి చేరేది తక్కువ, చక్కెర మీద దెబ్బా తక్కువ. అయితే ఇది పూర్తిగా పట్టుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అందాకా మాత్రలు కావాలి. పేగు జబ్బుకు బుడెసొనైడ్ అనే మందు ఉంది. అది ఎక్కువగా పేగులోనే పనిచేస్తుంది.

మూడోది, నోటి ద్వారా ఇవ్వవలసి వస్తే ప్రెడ్నిసొలోన్ మాత్ర మేలు. ప్రెడ్నిసోన్ అని ఇంకొకటి ఉంది. దాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చుకునే శక్తి పిల్లి ఒంటికి తక్కువ. పేరులో ఒక్క అక్షరం తేడా, ఫలితంలో చాలా తేడా. వారాలపాటు నిలిచే సూది మాత్రం చక్కెర ఉన్న పిల్లికి వద్దు.

నాలుగోది, స్టెరాయిడు మొదలుపెట్టే రోజు నుంచే చక్కెర మీద కన్ను వేయాలి. ఇన్సులిన్ కొద్దిగా పెంచవలసి రావచ్చు. ఎంత పెంచాలో డాక్టరు చెప్పాలి, మనం కాదు.

ఐదోది, జబ్బు అదుపులోకి రాగానే మందును మెట్టుమెట్టుగా తగ్గించాలి. ఎక్కువ రోజులు బయటినుంచి స్టెరాయిడు పోస్తుంటే ఒంట్లోని గ్రంథులు "మన పని ఇంకొకరు చేస్తున్నారులే" అని నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపితే అవి లేవవు. పిల్లి నీరసించి పడిపోతుంది, వాంతులు అవుతాయి, ప్రాణం మీదికి వస్తుంది.

బెల్లం పాకం కాపాడిన రాత్రి

పెద్దమ్మ పిల్లికి మాత్ర, దాంతోపాటు ముఖానికి తొడుగు పెట్టి పీల్పించడం మొదలుపెట్టారు. ఇన్సులిన్ ఒక యూనిట్ పెంచారు. తొడుగు అంటే పిల్లి మొదట పరుగు తీసింది. రోజూ అన్నం పెట్టేముందు దాన్ని వాసన చూపించి, చూపించి వారం రోజుల్లో అలవాటు చేసింది పెద్దమ్మ. మూడు వారాలకు దగ్గు పోయింది.

అక్కడే పొరపాటు జరిగింది. "బాగయింది కదా, ఇంగ మాత్ర యాలకు" అనుకుని ఆమె తనంతట తాను మాత్ర సగం చేసి, నాలుగు రోజులకు మానేసింది. ఇన్సులిన్ మాత్రం పెంచినంత అలాగే వేస్తూ వచ్చింది. చక్కెరను పెంచేది పోయింది, దించేది మిగిలింది. ఒక రాత్రి పిల్లి తూలుతూ వచ్చి గడప దగ్గర పడిపోయింది. కాళ్లు కొట్టుకోసాగింది. తాడిపత్రికి పోవడానికి ఆ వేళ బండి లేదు.

డాక్టరుగారు మొదటి రోజే చెప్పిన మాట ఆమెకు జ్ఞాపకం వచ్చింది. బెల్లం చిక్కగా కరిగించి వేలితో చిగుళ్లకు, పెదవుల లోపలికి రాసింది. గొంతులో పోయలేదు. తెలివి లేని జీవానికి గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పావుగంటకు పిల్లి తల ఎత్తింది. కొంచెం ఉడికిన కోడిమాంసం తినిపించి, తెల్లారగానే ఆసుపత్రికి తీసుకుపోయింది.

ఈ పాఠం గట్టిగా పట్టుకోవాలి. స్టెరాయిడు పెంచినప్పుడు చక్కెర పెరుగుతుందని చాలామందికి తెలుసు. స్టెరాయిడు తగ్గించినప్పుడు ఇన్సులిన్ కూడా తగ్గించాలనేది మరిచిపోతారు. ఈ రెండూ కాడికి కట్టిన ఎద్దుల వంటివి. ఒకటి ఆగితే రెండోదాన్ని కూడా ఆపాలి, లేకుంటే బండి బోల్తా పడుతుంది.

ఇన్సులిన్ వేసేవాళ్లు గమనించవలసినవి

మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్, 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. 40 రకానికి ఎర్రమూత సిరంజి, 100 రకానికి నారింజరంగు మూత సిరంజి. 100 రకం మందును ఎర్రమూత సిరంజిలో రెండో గీత దాకా లాగితే రెండు యూనిట్లు కాదు, ఐదు యూనిట్లు పోతాయి. చిన్న పిల్లికి అది ప్రాణాంతకం. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి.

మన ఎండలకు మందు చెడిపోతుంది. ఫ్రిజ్ ఉంటే తలుపు అరలో పెట్టండి, గడ్డ కట్టనివ్వవద్దు. ఫ్రిజ్ లేనివాళ్లు సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో, నీడన ఉంచవచ్చు.

తిండి తినని పూట మామూలు మోతాదు ఇన్సులిన్ వేయకండి. డాక్టరుకు ఫోను చేసి అడగండి. పిల్లి మాంసాహారి. అన్నం, పాలు దానికి చక్కెర పెంచే తిండి. ఉడికిన కోడిమాంసం, చేప, గుడ్డు మంచిది. ఉల్లి, వెల్లుల్లి, మసాలా కలపకూడదు. అయితే తిండి మార్చితే చక్కెర దానంతటదే దిగుతుంది, కాబట్టి డాక్టరుకు చెప్పి మార్చండి.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టి నాలుగు సంగతులు రాయండి. రోజుకు తాగిన నీళ్లు, తిన్న తిండి, వారానికోసారి బరువు, నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసింది. నిద్రలో 30 దాటితే ఆయాసం తిరగబెడుతున్నదని అనుమానించాలి. మూత్రం పోయడానికి ముక్కుతున్నా, మూత్రంలో రక్తం వచ్చినా చెప్పాలి. చక్కెర, స్టెరాయిడు రెండూ ఉన్నప్పుడు మూత్రకోశానికి చీము పట్టడం సులభం.

ఇంకొక మాట. నొప్పికి, జ్వరానికి మనం మింగే పారాసిటమాల్ పిల్లికి విషం. ఒక్క మాత్రకే చస్తుంది. నొప్పి తగ్గించే వేరే మందులు స్టెరాయిడుతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి. ఇది ఆవుకు, కుక్కకు కూడా వర్తిస్తుంది.

అదే సూది ఆవుకు మేలు చేస్తుంది

ఇప్పుడు దొడ్డిలోకి వద్దాం. బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు ఈనిన రెండు నుంచి ఆరు వారాల్లో ఒక్కోసారి దాణా ముట్టదు. గడ్డి మాత్రం కొంచెం కొరుకుతుంది. పాలు సగానికి పడిపోతాయి. ఒళ్లు కళ్ల ముందే కరుగుతుంది. ఊపిరి ఒక రకమైన పులిసిన తీపి వాసన వేస్తుంది. దీన్ని కీటోసిస్ అంటారు. పాలలోకి పోయే చక్కెరంత ఆవు తినలేక, రక్తంలో చక్కెర పడిపోవడం దీనికి కారణం.

పిల్లిది చక్కెర ఎక్కువైన జబ్బు. ఈ ఆవుది చక్కెర తక్కువైన జబ్బు. ఇక్కడ చక్కెరను పెంచే స్టెరాయిడు మందే అవుతుంది. నరంలోకి గ్లూకోజు ఎక్కించి, నోటికి ప్రొపిలిన్ గ్లైకాల్ తాగించి, అవసరమైతే డాక్టరు ఒక మోతాదు డెక్సామెథసోన్ వేస్తారు. చాలా ఆవులు కోలుకుంటాయి. మన రైతులు కిలోలకు కిలోలు బెల్లం పెడతారు. కానీ నెమరువేసే జంతువు పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు ఆ బెల్లాన్ని పులియబెట్టేస్తాయి, రక్తంలోకి చక్కెరగా చేరేది చాలా తక్కువ. పైగా ఎక్కువైతే పొట్ట పుల్లబడి అజీర్తి వస్తుంది. పిల్లిని కాపాడిన బెల్లం ఆవును కాపాడదు. ఏ జీవానికి ఏది పనికివస్తుందో తెలుసుకోవడమే వైద్యం.

చూడి పశువుకు మాత్రం ప్రమాదం

ఇది రాస్తుంటే మా ఇంటి సంగతి రాయక తప్పదు. పదిహేనేళ్ల కిందట మాకు ఒక సంకరజాతి ఆవు ఉండేది. ఎనిమిదో నెల చూడి. ముందరి కాలు వాచి కుంటింది. ఊళ్లోకి వచ్చిన ఒక సూదుల మనిషి "వాపు రేపటికి దిగుతుంది" అని సూది వేశాడు. చూడిదని మేం చెప్పలేదు, అతను అడగలేదు. వాపు దిగిన మాట నిజమే. మూడో రోజు తెల్లవారుజామున ఆవు ఈసుకుపోయింది. దూడ మధ్యాహ్నం దాకా బతికింది. మాయ పడలేదు. ఆ ఈతకు పాలు లేవు. ఆ ఏడు మా ఇంటికి వచ్చే పాల డబ్బు పోయింది. మా అమ్మ చాలా రోజులు కొట్టంలోకి పోలేదు.

తర్వాత తెలిసింది. ఈనే సమయం వచ్చిందని కడుపులోని దూడే సంకేతం పంపుతుంది. ఆ సంకేతం దూడ అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే రసమే. నెలలు నిండుతున్న ఆవుకు బయటి నుంచి స్టెరాయిడు వేస్తే ఒళ్లు దాన్నే సంకేతం అనుకుని ఈనడానికి సిద్ధపడుతుంది. రెండు మూడు రోజుల్లో ఈసుకుపోతుంది, మాయ చిక్కుకుంటుంది. అందుకే చివరి నెలల చూడి ఆవుకు, ఎనుముకు, గొర్రెకు "వాపు సూది" వేయించేముందు నోరు తెరిచి "ఇది చూడిది" అని చెప్పాలి.

జీవాల కాపరులకు

కరువు ఏడు మేత తక్కువైనప్పుడు కడుపులో రెండు పిల్లలున్న గొర్రెకు చివరి నెలలో ఆవు కీటోసిస్ వంటి జబ్బే వస్తుంది. మంద నుంచి విడిగా నిలబడుతుంది, కళ్లు కనబడనట్టు తడబడుతుంది, పళ్లు కొరుకుతుంది. ఒక్కోసారి తల్లిని కాపాడటం కోసం డాక్టరు తెలిసే స్టెరాయిడు వేసి ముందుగా ఈనేట్టు చేస్తారు. అదే సూది తెలియక వేస్తే నష్టం, తెలిసి వేస్తే వైద్యం. ఈ జబ్బు రాకుండా చివరి నెలన్నర చూడి గొర్రెకు శెనక్కాయ కట్టెతో పాటు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టడం మంచిది.

నీలినాలుక, గాలికుంటు వంటి అంటుజబ్బుల్లో జ్వరం దించడానికి తెలిసీ తెలియక స్టెరాయిడు వేయించవద్దు. జ్వరం దిగినట్టు కనిపిస్తుంది. జబ్బుతో పోరాడే శక్తి కూడా దిగుతుంది. టీకాలు వేసే రోజుల్లో స్టెరాయిడు పడితే టీకా సరిగా పట్టదు. పాలిచ్చే పశువుకు వేస్తే ఎన్ని రోజుల పాలు పక్కన పెట్టాలో డాక్టరును అడగండి.

సీసా మీద పేరు చదవండి

డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్, ట్రైయామ్సినొలోన్. ఇవన్నీ స్టెరాయిడులే. పేరు చివర "సోన్" అనో "లోన్" అనో ఉంటే అనుమానించి అడగండి. అన్నీ అవి కావు. సెఫ్ట్రియాక్సోన్ అనేది సూక్ష్మజీవులను చంపే మందు, స్టెరాయిడు కాదు. కాబట్టి మీకు మీరే తేల్చుకోకుండా, "ఇది స్టెరాయిడేనా?" అని ఒక్క ప్రశ్న అడగండి. వేసిన మందు పేరు, తేదీ చీటీ మీద రాయించుకోండి. రేపు ఇంకో డాక్టరు దగ్గరికి పోతే ఆ చీటీయే సాక్ష్యం.

సూదికి ముందు చెప్పవలసిన ఐదు మాటలు

1. చూడిదా, ఎన్నో నెల?
2. జ్వరం, చీము, పుండు ఉన్నాయా?
3. చక్కెర జబ్బు గానీ, వేరే పాత జబ్బు గానీ ఉందా?
4. ఈ రెండు నెలల్లో ఏయే సూదులు, మాత్రలు వాడారు?
5. టీకా ఈమధ్య వేశారా, వేయబోతున్నారా?

ఈ ఐదూ చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. సందేహం ఉంటే యాడికి, తాడిపత్రి పశువైద్యశాలల్లో గానీ, మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడిని గానీ అడగండి. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కు ఫోను చేయవచ్చు. పిల్లి, కుక్క వంటివాటి చిక్కు కేసులకు ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు ఉన్నాయి.

పెద్దమ్మ పిల్లి ఇప్పుడు మాత్రలు లేకుండా, పీల్చే మందు మీదే ఉంది. ఇన్సులిన్ పూటకు ఒక్క యూనిట్‌కు దిగింది. కొన్ని పిల్లులకు స్టెరాయిడు మానేశాక ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుందట, దీనికి ఆ రోజు వస్తుందో రాదో చూడాలి. మొన్న పోతే విత్తనం మూటల మీద పడుకుని ఉంది. "ఖర్చయింది కదా పెద్దమ్మా?" అన్నాను. "అయింది నాయనా. ఆ ఏడు సూదులకు ముందే ఒక్క మాట అడిగింటే ఇంత కాకపోను" అంది.

ఆ ఒక్క మాట మీరు అడగండి.